అలారం సంగతి తర్వాత, ముందు రాత్రి సంగతి చూద్దాం

చిన్నా,

నువ్వు రాసింది మొత్తం చదివాను. పరీక్షకి పొద్దున్నే చదువుకోవాలని ఐదింటికి అలారం పెట్టుకోవడం, మోగగానే ఆపేసి ఇంకో పది నిమిషాలని పడుకోవడం, ఏడున్నరకి ఉలిక్కిపడి లేచి హడావుడిగా ఆఫీసుకి పరుగెత్తడం, రోజంతా నిన్ను నువ్వే తిట్టుకోవడం, రాత్రయ్యేసరికి రేపటి నుంచి ఖచ్చితంగా అని మళ్లీ ఒట్టు పెట్టుకోవడం. నీకు క్రమశిక్షణ లేదని, ఒళ్లంతా బద్ధకమేనని కూడా రాశావు. ఆ మాట నేను ఒప్పుకోను. రాత్రి ఒంటిగంట దాకా మేలుకున్న మనిషి ఐదింటికి లేవలేకపోతే దాన్ని బద్ధకం అనరు. నాలుగు గంటల నిద్ర నాకు చాలదు మొర్రో అని ఒళ్లు మొత్తుకుంటోంది, అంతే.

లెక్క వేసుకో. పెద్దవాళ్లకి రాత్రికి కనీసం 7 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు, కొందరికి 8, 9 గంటలు కూడా కావాలి. ఐదింటికి లేవాలంటే పదింటికల్లా నిద్ర పట్టి ఉండాలి, అలా పట్టాలంటే తొమ్మిదిన్నరకే పనులన్నీ సర్దేసుకుని పక్క మీదకి చేరాలి. ఉద్యోగం, ప్రయాణం, ఇంటి పని అన్నీ అయ్యాక నీకది కుదురుతుందా? కుదరదు. అయితే ఐదు వదిలెయ్యి, ఆరు పెట్టుకో. ఐదు అనే అంకెలో ఏ మహిమా లేదు, ఎవరో వీడియోలో చెప్పారని నువ్వు దాన్ని పట్టుకుని వేలాడనక్కర్లేదు.

నేను చెప్పదలచుకున్న అసలు విషయం ఒక్కటే: పొద్దున్నే లేవడం అనేది పొద్దున జరిగే పని కాదు, ముందురోజు సాయంత్రం నుంచే మొదలవుతుంది. పొద్దున్న అలారంతో కుస్తీ పట్టి గెలుద్దాం అనుకుంటే రెండు మూడు రోజులు గెలుస్తావేమో, నాలుగో రోజు నిద్ర తన బాకీ వసూలు చేసుకుంటుంది.

ఎందుకంటే మన మెదడులో, రెండు కళ్ల నుంచి వచ్చే నరాలు కలుసుకునే చోటుకి సరిగ్గా పైన, చిన్న కణాల గుంపు ఒకటి ఉంది. ఒంటికి అదే గడియారం. ఎప్పుడు నిద్ర రావాలో, ఎప్పుడు ఒళ్లు వెచ్చబడాలో, ఎప్పుడు ఏ హార్మోను ఊరాలో అదే నడిపిస్తుంది. మన కణాల్లో ఇలాంటి గడియారం ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే 2017లో ముగ్గురికి వైద్యంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. చాలామందిలో ఈ గడియారానికి రోజంటే 24 గంటల కంటే కొన్ని నిమిషాలు ఎక్కువ. అంటే దాని మానాన దాన్ని వదిలేస్తే రోజురోజుకీ కొంచెం ఆలస్యం వైపే జారుతుంది. ఆలస్యంగా పడుకోవడం అంత తేలిగ్గా, తొందరగా పడుకోవడం అంత కష్టంగా అనిపించేది అందుకే.

దాన్ని దారిలో పెట్టేవాటిలో అన్నిటికంటే బలమైనది వెలుగు. లేచిన కాసేపటికే బయటికి వెళ్లి ఓ పదిహేను ఇరవై నిమిషాలు ఆరుబయట ఉండు. మబ్బు పట్టినా సరే వెళ్లు. వెలుగుని లక్స్ అనే కొలతలో లెక్కిస్తారు. మామూలు గదిలో వెలుగు కొన్ని వందల లక్స్‌కి మించదు, మబ్బు పట్టిన పగలు కూడా బయట వెలుగు వేలల్లో ఉంటుంది, తేడా మన కళ్లకి అంతగా తెలియదు కానీ ఆ గడియారానికి తెలుస్తుంది. నువ్వు లేచే వేళకి ఇంకా చీకటిగా ఉంటే ముందు గదిలో లైట్లన్నీ వేసుకుని, తెల్లారాక వెళ్లు. సాయంత్రాలు దీనికి తలకిందులు: పడుకునే ముందు గంటా గంటన్నర ఇంట్లో లైట్లు తగ్గించు.

ఒంటికి మనం ఆర్డరు వేస్తే వినదు అనడానికి ఒక ముచ్చట చెబుతాను. 1938లో నథానియెల్ క్లైట్‌మన్ అనే నిద్ర శాస్త్రవేత్త, తన విద్యార్థి ఒకణ్ణి వెంటబెట్టుకుని, అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని మామత్ గుహలోకి దిగి నెల రోజులకి పైగా ఉన్నాడు. పగలూ రాత్రీ తెలియని చీకట్లో, రోజుకి 28 గంటలని పెట్టుకుని బతికి చూద్దామని ఆయన ఆలోచన. కుర్రవాడి ఒళ్లు కొత్త లెక్కకి అలవాటు పడింది. క్లైట్‌మన్ ఒళ్లు మాత్రం ఎంతకీ పాత 24 గంటలనే పట్టుకుని కూర్చుంది. ఒకే గుహ, ఒకే నియమం, అయినా ఇద్దరికీ ఒకేలా పని చేయలేదు చూశావా. కాబట్టి నీ ఫ్రెండ్ వారంలో మారిపోయిందని నువ్వూ వారంలో మారాలని లేదు.

ఇప్పుడు నువ్వు లేచేది ఏడున్నరకి. మొదట ఏడుంపావు పెట్టుకో. మూడు నాలుగు రోజులు అలా సాగాక ఏడు, తర్వాత ఆరూ ముప్పావు. ఆరింటికి చేరడానికి మూడు వారాలు దాటినా దాటనీ. పడుకునే టైమ్‌ని కూడా దానితో పాటే ముందుకి జరుపు, కానీ నిద్ర రాకుండా గంటకి గంట కళ్లు మూసుకుని దొర్లకు. పక్క మీద టెన్షన్ పడటం అలవాటైతే పక్క చూస్తేనే టెన్షన్ వస్తుంది. లేచి మసక వెలుతురులో కూర్చుని ఏదైనా చదువుకో, నిద్ర ముంచుకొచ్చాక వెళ్లి పడుకో. ఏ రాత్రి ఎంత ఆలస్యమైనా లేచే టైమ్ మాత్రం మారకూడదు. మరీ నిద్ర చాలకపోతే మధ్యాహ్నం ఓ ఇరవై నిమిషాలు కునుకు తీయి. కాఫీ మధ్యాహ్నం తర్వాత వద్దు. ఐదింటికి తాగిన కాఫీలో కెఫీన్ పదింటికి కూడా దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది.

ఫోన్ గురించి నీకు తెలియని విషయం చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. వేరే గదిలో ఛార్జింగ్ పెట్టు, అలారానికి ఒక చిన్న గడియారం కొనుక్కో. కానీ అసలు నువ్వు ఒంటిగంట దాకా ఫోన్ ఎందుకు పట్టుకుంటున్నావో ఎప్పుడైనా ఆలోచించావా? పొద్దున్నుంచి రాత్రి దాకా ఆఫీసు వాళ్లకి, ఇంట్లో వాళ్లకి, పరీక్షకి నీ సమయం పంచి ఇచ్చావు. పదకొండు తర్వాత దొరికేదే నీ సొంతం. అది వదులుకోవాలంటే ప్రాణం ఒప్పుకోదు. నాకది బాగా అర్థమవుతుంది. నిద్ర దొంగిలించి ఆ సమయం సంపాదించుకుంటున్నావన్న మాట. ఫోన్ లాక్కుంటే ఈ బాధ తీరదు. సాయంత్రం ఇంటికి రాగానే, ఏ పనీ మొదలుపెట్టక ముందే, అరగంట సేపు ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా నీ కోసం ఉంచుకో. పాటలు విను, బొమ్మలు గీయి, ఊరికే కూర్చో. ఇంట్లో వాళ్లకి చెప్పు, ఈ అరగంట నన్ను పిలవద్దని. ఇది నిలబెట్టుకోగలిగితే రాత్రి పదింటికి ఫోన్ పక్కన పెట్టడం నువ్వు అనుకున్నంత కష్టం కాదు.

ఇక పొద్దున. నిద్ర లేచిన మొదటి పదిహేను నిమిషాలు, ఒక్కోసారి అరగంట, బుర్ర పూర్తిగా పని చేయదు. ఎంత చక్కగా నిద్రపోయినవాళ్లకైనా ఈ మత్తు ఉంటుంది, నిద్ర తక్కువైతే ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. ఆ మత్తులో ఉన్న మనిషిని, లేవాలా వద్దా అని అడిగితే ఏం చెబుతుంది? అందుకని ఆ ప్రశ్న అప్పుడు వేసుకోవద్దు. ఆ టైమ్‌లో తీసుకోవాల్సిన నిర్ణయం ఒక్కటి కూడా మిగలకుండా రాత్రే అన్నీ తేల్చెయ్యి. గడియారం మంచానికి దూరంగా, లేచి నడిస్తే తప్ప అందని చోట పెట్టు. దాని పక్కనే నీళ్ల గ్లాసు. టేబుల్ మీద పుస్తకం మూసి పెట్టకు, ఏ పేజీ దగ్గర మొదలుపెట్టాలో అక్కడ తెరిచి పెట్టు. పక్కన నోట్‌బుక్కు, అందులో తేదీ వేసి మొదటి లెక్క నంబరు కూడా రాత్రే రాసి ఉంచు. పొద్దున్నే వచ్చి కూర్చుంటే పెన్ను తీసి ఆ నంబరు కింద గీత గీయడమే నీ పని. ఇంత చిన్నదా అనుకోకు. “పొద్దున్నే చదవాలి” అని అనుకోవడం వేరు, “మొహం కడుక్కుని రాగానే కిటికీ పక్క కుర్చీలో కూర్చుని మూడో లెక్క చేస్తాను” అని అనుకోవడం వేరు. ఫలానాది అవ్వగానే ఫలానా పని చేస్తాను అని ముందే ముడి వేసుకున్నవాళ్లు అనుకున్న పని చేసే అవకాశం ఎక్కువని పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన తర్వాత ఎంతోమంది పరిశోధించి చూపించారు.

పొద్దున చేసే పని కూడా ఒక్కటే పెట్టుకో. లేవగానే పరుగు, ధ్యానం, డైరీ, చన్నీళ్ల స్నానం, ఆపైన చదువు అని చాంతాడంత జాబితా రాసుకున్నావు చూడు, దాన్ని చింపెయ్. నీకు ఇప్పుడు కావాల్సింది పరీక్ష. దానికి రోజూ ఒక గంట దొరికితే చాలు.

మోటివేషన్ రావడం లేదు అన్నావు. అది వచ్చాక కూర్చుంటాను అనుకుంటే అది రాదు. కూర్చున్నాక, రెండు లెక్కలు తేలాక, మూడోది చేద్దాం అనిపిస్తుంది, ఆ అనిపించడమే నువ్వు వెతుకుతున్న మోటివేషన్. అది కూడా రోజూ రాదు. రాని రోజున పది నిమిషాలే కూర్చుని లేచిపో, తప్పు లేదు, కానీ కుర్చీ దాకా మాత్రం వెళ్లు. ఇరవై ఒక్క రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని నీకు ఎవరు చెప్పారో గానీ అది నమ్మకు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం దీన్ని గమనించి చూస్తే అలవాటు స్థిరపడటానికి సగటున 66 రోజులు పట్టింది, కొందరికి 18 రోజుల్లోనే కుదిరితే కొందరికి 254 రోజులు పట్టేలా లెక్క తేలింది. నాకు బాగా నచ్చిన విషయం ఇంకోటి కూడా అందులోనే ఉంది: మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టమేమీ రాలేదు. అంచేత ఒక పొద్దున తప్పితే, అయిపోయింది నావల్ల కాదు అని మొత్తం వదిలేయకు. మర్నాడు మామూలుగా లేవు, నిన్నటి బాకీ తీర్చాలని రెండు గంటలు కూర్చోకు.

ఇంకొక మాట, ఇది తేలిగ్గా తీసుకోవద్దు. నెల రోజులు సరిగ్గా 7, 8 గంటలు పడుకున్నా పగలంతా తూగుతుంటే, లేదా గట్టిగా గురక వస్తోందని, నిద్రలో ఊపిరి ఆగినట్టు అవుతోందని ఇంట్లో వాళ్లు చెబితే వెంటనే డాక్టరుకి చూపించుకో. వారాల తరబడి దేని మీదా మనసు పోకపోతే, లేవాలంటేనే దిగులుగా ఉంటే అప్పుడు కూడా అంతే. వాటికి అలారాలు, టైమ్‌టేబుళ్లు మందు కాదు.

సోమవారం నుంచి మొదలుపెడతాను అన్నావు. వద్దు, ఈ శనివారం నుంచే మొదలుపెట్టు. సెలవులని శని, ఆదివారాలు పదింటి దాకా పడుకుంటే ఆదివారం రాత్రి పన్నెండైనా నిద్ర పట్టదు, సోమవారం పొద్దున దూరదేశం నుంచి విమానం దిగినట్టే ఉంటుంది ఒంటికి. వారమంతా కష్టపడి ముందుకి జరిపిన గడియారాన్ని రెండు సెలవు రోజుల్లో మళ్లీ మొదటికి తెచ్చుకున్నట్టు అవుతుంది. శనివారం ఏడుంపావుకి లేచి, కాస్త బయట తిరిగి వచ్చి, నాకు ఫోన్ చెయ్యి. ఆ వేళకి నేనూ నడక ముగించుకుని ఖాళీగానే ఉంటాను.

మీ పెద్దమ్మ