జైలు నుంచి వచ్చిన అన్నయ్య గది దాటడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. అన్నయ్య 11 ఏళ్లు జైల్లో ఉండి నాలుగు నెలల క్రితం వచ్చాడు. మధ్యలో కొన్నాళ్లు ఒంటరి సెల్‌లో పెట్టారట. ఇప్పుడు గదిలోంచి రాడు, తాళాల చప్పుడైతే ఉలిక్కిపడి లేచి నిలబడతాడు, బాత్రూంకి వెళ్లాలన్నా అమ్మని అడుగుతాడు. గాలి సోకిందని కొందరు, పెళ్లి చేస్తే కుదురుకుంటాడని కొందరు అంటున్నారు. పిచ్చి పట్టిందా డాక్టర్ గారూ?

జవాబు: లేదమ్మా, పిచ్చి కాదు. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు తినాలో, ఎప్పుడు పడుకోవాలో 11 ఏళ్లు వేరేవాళ్లే చెప్పారు, సొంతంగా తేల్చుకునే అలవాటు అక్కడే పోయింది. దాన్ని బద్ధకమని ఒక్క మాట కూడా అనకండి. మీరు బీరువా తాళం తీస్తే ఆయనకి సెల్ తలుపు వినిపిస్తుంది.

ఒంటరి సెల్ దెబ్బ ఇంకా లోతు. రోజుల తరబడి ఎదురుగా మనిషి ముఖం, మాట లేకపోతే నిద్ర చెడుతుంది, చిన్న శబ్దానికే తట్టుకోలేరు, కొందరికి ఎవరో పిలుస్తున్నట్టు గొంతులు వినిపిస్తాయి. ఎంత గట్టివాళ్లకైనా ఇది రావచ్చు. ఈ హాని తెలిసే, ఖైదీలను ఎలా చూడాలో చెబుతూ 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాలు 15 రోజులు దాటిన ఒంటరి నిర్బంధం కూడదన్నాయి. మన పాత శిక్షాస్మృతి కూడా కోర్టు వేసే ఒంటరి ఖైదు ఒక్కసారికి 14 రోజులు, మొత్తం మీద 3 నెలలు మించకూడదంది.

తలుపు వేసుకోవాలో తీసి ఉంచాలో ఆయన ఇష్టానికే వదిలేయండి, బయట గొళ్లెం మాత్రం కోపంలో కూడా పెట్టకండి. చేపల పులుసు చేయనా పప్పుచారా అని అడగండి, జవాబు చెప్పడానికి తడబడితే తొందరపెట్టకుండా ఆగండి. తీర్థాలకీ పెళ్లిళ్లకీ లాక్కెళ్లొద్దు. పొద్దున్నే జనం లేని వేళ ఒక్కరే తోడుగా కాలవ గట్టు మీద కొబ్బరి తోట దాకా నడవండి, వెనక్కి వెళ్దామంటే వెంటనే తిరిగొచ్చేయండి. లోపల ఎలా ఉండేదని చుట్టాలు ఆరా తీస్తారు, ముందే ఆపండి.

పెళ్లి మందు కాదు. ఆ వచ్చే పిల్ల ఏం పాపం చేసింది? తాయెత్తుతో అమ్మకి ధైర్యమొస్తే కట్టుకోనివ్వండి, వైద్యం ఆపకుండా. కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. కౌన్సెలింగ్, మందులు పనిచేస్తాయి, కాకపోతే మందులు గుణం చూపించడానికి కొన్ని వారాలు పడుతుంది. షాపులో అడిగి నిద్రమాత్రలు కొనకండి. రెండు వారాలు దాటి దగ్గుంటే టీబీ పరీక్ష కూడా చేయించండి, జైళ్లలో అది ఎక్కువ.

నాకు అన్నిటికన్నా భయం ఒకటుంది. విడుదలైన తొలి నెలల్లో ప్రాణం తీసుకునే ముప్పు ఎక్కువ. ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే ఈ రోజే తీయించేయండి. నేను మీకు బరువైపోయానని అన్నా, తిండి మానేసినా, చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి, అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు (టెలీ మానస్) 14416కి రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

అంత అపాయం కనిపించకపోతే, ఈ వారం ఏ రోజు వెళ్దాం అన్నయ్యా అని ఆయన్నే అడగండి.