అశోకుడు సైన్యాన్ని ఇంటికి పంపలా

ప్రశ్న: అన్నా, టీవీ పెడితే ఒకపక్క ఉక్రెయిన్, ఇంకోపక్క గాజా. తెల్లోళ్ల మీద గాంధీ గారి అహింస పనిచేసిందంటే సరే, దేశానికీ దేశానికీ మధ్య అదేం పనికొస్తాది? మనం చేతులు కట్టుకొని కూర్చుంటే అవతలోడు ఊరుకుంటాడా?
– డిగ్రీ స్టూడెంట్, గుత్తి

జవాబు: ఊరుకోడు, డౌటే లేదు. కానీ చేతులు కట్టుకొని కూర్చోవడమే అహింస అని ఎవరు చెప్పినారప్పా నీకు? 1930లో గాంధీ 24 రోజులు దండికి నడిచింది కూర్చోవడమా?

గుత్తిలో ఉన్నావు కాబట్టి ఒక పని చెప్తా. పత్తికొండ రోడ్డు పట్టుకొని ఎర్రగుడి పో, అక్కడ బండల మీద అశోకుడి శాసనాలు ఉన్నాయి. బ్రాహ్మీ లిపి, మనకు చదవను రాదు గానీ చిన్న శాసనంలో ఒక తమాషా ఉంది, కొన్ని లైన్లు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకి పోతాయి, మడక కట్టిన ఎద్దులు గెనెం కాడ మళ్లుకున్నట్టు. పెద్ద శాసనాల్లో పదమూడోది చూడు. కళింగలో లక్ష మంది చచ్చిపోయినారు, లక్షన్నర మందిని పట్టుకుపోయినారు, దానికి బాధపడుతున్నా అని గెలిచిన రాజే చెప్పుకుంటాడు, కొడుకులూ మనవళ్లూ కొత్తగా రాజ్యాలు గెలవాలనుకోవద్దు అంటాడు. అట్లని సైన్యం రద్దు చేసినట్టు ఎక్కడా లేదు, కళింగ తిరిగి ఇయ్యలా, అడవి జనాలకి అదే శాసనంలో వార్నింగ్ కూడా ఇచ్చినాడు. ఇంకోటి, కళింగలో చెక్కించిన బండల మీద ఈ పదమూడోది లేదు! మనకి చెప్పుకున్న పశ్చాత్తాపం దెబ్బ తిన్నోళ్లకి చెప్పలా. నాకైతే ఇది కొంచెం గుచ్చుకుంటాది.

ఒట్టి మాట నిలబడదు. 1954లో చైనాతో పంచశీల, అంటే ఒకరి జోలికి ఒకరు పోకుండా శాంతిగా ఉందామనే ఒప్పందం, రాసుకున్నాం, 1962లో ఏమైందో తెలుసు కదా. 1960లో పాకిస్తాన్‌తో సింధు నీళ్ల ఒప్పందం మాత్రం 65, 71, కార్గిల్ యుద్ధాలన్నీ దాటుకొని వచ్చింది, ఎందుకంటే అది దోస్తీ కాగితం కాదు, ఏ మూడు నదులు ఎవరివి, లెక్క ఎవరు చూడాల అనేది రాసిపెట్టుకున్న కాగితం, రెండు పక్కలా ఒక్కో కమిషనర్. మన ఊర్లల్లో రెండు పార్టీలు కొట్టుకుంటున్నా చెరువు నీళ్లు వదిలే నీరుగంటి ఇద్దరి మళ్లకీ పోవాల్సిందే కదా, అట్లాంటిదన్నమాట. దేశాల మధ్య అహింస అంటే నాకు ఆ నీరుగంటే గుర్తొస్తాడు.

2025 ఏప్రిల్‌లో పహల్గాం ఉగ్రదాడి తర్వాత మన గవర్నమెంట్ ఆ నీళ్ల ఒప్పందాన్ని కూడా పక్కన పెట్టింది. తప్పెవరిది అంటే ఇంకో వారం రాస్తా, చోటు చాలదు. ఎర్రగుడికి మాత్రం పొద్దున్నే పో, మధ్యాన్నం అయితే బండ కాలుతాది.