మీ అమ్మకు మాజాంగ్ పెట్టివ్వండి, మా అమ్మకు అదే నచ్చింది

రిటైరైన అమ్మకు కంప్యూటర్‌లో ఆడుకోవడానికి టెన్షన్ లేని, జతలు కలిపే ఆట చెప్పమన్నారు కదా. నా ఓటు మాజాంగ్ సాలిటేర్‌కే, అంటే పేర్చిన బిళ్ళల్లోంచి ఒకేలాంటివి రెండేసి తీసేస్తూ ఒక్కరే ఆడుకునే ఆట.

మాది తిరుపతి, బైరాగిపట్టెడ. మా అమ్మ అలిపిరి మెట్ల దారిలో నడిచే కొండెక్కే మనిషి, మోకాలి ఆపరేషన్ అయ్యాక కొన్ని నెలలు ఇంట్లోనే ఉండాల్సి వచ్చేసరికి బాగా దిగులుపడింది. మొదట నేను ఒకే రంగు రత్నాలు మూడు వరుసలోకి తెచ్చే ఆట పెట్టిచ్చాను, అందులో టైము తరిగిపోతూ ఉంటే కంగారుపడి రెండో రోజే వద్దనేసింది. అప్పుడు ఇంట్లో ఉన్న పాత విండోస్ 7 కంప్యూటర్‌లో దానితో పాటే వచ్చిన మాజాంగ్ సాలిటేర్, మాజాంగ్ టైటాన్స్ తెరిచాను.

మొత్తం 144 బిళ్ళలు, అంటే 72 జతలు. తాబేలు ఆకారంలో ఐదు అంతస్తులుగా పేర్చి ఉంటాయి, అడుగున 87, ఆ పైన 36, 16, 4, అన్నిటికంటే పైన ఒక్కటి. పైన ఏదీ లేకుండా, ఎడమవైపో కుడివైపో ఖాళీగా ఉన్న బిళ్ళనే తీయగలం. ఇది నేను ఎంత చెప్పినా అమ్మకు ఎక్కలేదు. చివరికి తనే "దామలచెరువు మండీలో మామిడికాయల క్రేట్ల మాదిరి ఉండాది, పైవి దించకుండా కిందివి ఎట్ల వస్తాయి" అంది. అంతే, ఆట వచ్చేసింది.

చైనా అంకెలున్న బిళ్ళల దగ్గర మాత్రం ఓపిక పట్టాలి. కింద ఎర్రగా ఉండే గుర్తు అన్నిటికీ ఒకటే, చూడాల్సింది పైనున్నదే. ఒకటి, రెండు, మూడు అడ్డగీతలే కాబట్టి తేలిక, నాలుగుకు మా అమ్మ "కర్టెన్ కట్టిన కిటికీ" అని పేరు పెట్టుకుంది. అలా సొంత పేర్లు పెట్టుకోనివ్వండి, తొందరగా గుర్తుంటాయి. పూల బిళ్ళలు నాలుగూ నాలుగు బొమ్మలు, అయినా ఏ పువ్వుకైనా ఏ పువ్వైనా జతే, ఋతువులూ అంతే (మనకు ఆరు, అందులో నాలుగే). ఈ ఒక్కటి ముందే చెప్పకపోతే జతలు లేవనుకుని ఆపేస్తారు.

కొత్తలో అందరూ కనిపించిన జతనల్లా తీసేస్తారు, సగం ఆటలు అక్కడే ఇరుక్కుపోతాయి. ఏ జత తీస్తే కింద, పక్కన ఎక్కువ బిళ్ళలు బయటపడతాయో చూసి తీయాలి. తాబేలులో శిఖరం మీది ఒక్క బిళ్ళ కింద నాలుగు నొక్కుకుని ఉంటాయి, రెండు చివర్లలో విడిగా ఉన్నవి వరుసలనే ఆపేస్తాయి, కాబట్టి వాటికి జత దొరికితే ఆలస్యం చేయొద్దు. ఒకే రకం నాలుగూ తీయడానికి వీలుగా ఉంటే నాలుగూ తీసేయొచ్చు, ఏ నష్టమూ లేదు. మూడే ఉంటే మాత్రం ఏది ఉంచాలో ఒక్క నిమిషం ఆలోచించాలి. ఎలా పడితే అలా కలిపి పేర్చిన ఆటల్లో కొన్ని ఎవరు ఆడినా పూర్తి కావు, ఈ మాట మీ అమ్మగారికి తప్పకుండా చెప్పండి, లేకపోతే తనకే చేతకావడం లేదని బాధపడతారు. అన్‌డూ నొక్కి వెనక్కి వెళ్ళడం మొదటి రోజే నేర్పండి.

నాకు ఈ ఆట మీద గౌరవం పెరగడానికి ఇంకో కారణం ఉంది. దీన్ని 1981లో మొదట కంప్యూటర్ మీదికి తెచ్చిన బ్రోడీ లాకార్డ్, జిమ్నాస్టిక్స్ చేస్తూ పడి మెడ కిందికి చచ్చుబడిపోయిన మనిషి. నోట్లో పుల్ల పట్టుకుని ఒక్కో మీట నొక్కుతూ ప్రోగ్రామ్ రాశాడు. ఆపరేషన్ అయిన మోకాలి కింద దిండు పెట్టుకుని ఆడుతున్న మా అమ్మకు ఈ సంగతి చెబితే మౌస్ వదిలేసి చాలాసేపు అతని గురించే అడిగింది.

విండోస్ 8 నుంచి ఈ ఆట కంప్యూటర్‌తో పాటు రావడం లేదు. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో మైక్రోసాఫ్ట్ మాజాంగ్ ఉచితమే, కానీ యాడ్స్ వస్తాయి, వాటి మీద నొక్కొద్దని చెప్పండి. కంప్యూటర్‌లో విండోస్ కాకుండా లైనక్స్ ఉంటే ఇదే ఆట కేమాజాంగ్ పేరుతో దొరుకుతుంది, అది పెట్టుకోండి. మొదటి రెండు మూడు రోజులు పక్కనే కూర్చోండి, కానీ మౌస్ మాత్రం ఆమె చేతిలోనే ఉండనివ్వండి.