అమ్మానాన్నలతో జులైలో ఎక్కడికి?

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటున్నాం. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను జులైలో నాలుగు రోజులు శాన్‌ఫ్రాన్సిస్కో తీసుకెళ్లాలా, శాన్‌డియాగోనా? అమ్మకు మోకాళ్ల నొప్పులు.

జవాబు: శాన్‌డియాగోకే మా ఓటు. వేసవిలో కాలిఫోర్నియా లోపలి లోయ వేడెక్కి, చల్లటి సముద్రం మీది పొగమంచును శాన్‌ఫ్రాన్సిస్కో మీదికి లాగుతుంది. మధ్యాహ్నం కూడా 20 డిగ్రీలు దాటడం కష్టం. గోల్డెన్ గేట్ వంతెన మంచులో మునిగితే ఫొటో కూడా దక్కదు! పైగా అన్నీ ఎత్తుపల్లాలే. పాత జైలున్న అల్‌కట్రాజ్ దీవిలో రేవు నుంచి జైలు దాకా ఎక్కడం 13 అంతస్తులు ఎక్కడంతో సమానం. నడవలేనివారికి ట్రామ్ ఉందిగానీ, అసలు దీవికి వెళ్లే టికెట్లే ముందే అయిపోతాయి.

శాన్‌డియాగోలో పొద్దున మబ్బు పట్టినా సాధారణంగా మధ్యాహ్నానికి ఎండ వస్తుంది. బాల్బోవా పార్కులో ఉచిత ట్రామ్ ఉంది. జూలో దారులు నిటారుగా ఉంటాయి కాబట్టి ముందు బస్సు టూర్ ఎక్కేయండి. మిడ్‌వే యుద్ధనౌక మ్యూజియంలో పై డెక్‌కు లిఫ్టు ఉంది, కింది గదుల్లో చాలావాటికి మాత్రం ఇరుకు నిచ్చెనమెట్లే. అమ్మగారిని అటు పంపకండి. కామిక్‌కాన్ అనే భారీ కామిక్స్ మేళా సాధారణంగా జులై చివర్లో వస్తుంది, ఆ వారం హోటల్ అద్దెలు మండిపోతాయి. తేదీలు చూసుకున్నాకే గది బుక్ చేయండి.

శాన్‌ఫ్రాన్సిస్కోను సెప్టెంబరుకు ఉంచుకోండి, అక్కడ వెచ్చటి రోజులు అప్పుడే.