గాలిలంకలో పోయిన కొండ ఎవరిది?

ప్రశ్న: రాత్రిళ్లు పిల్లలకు చెబుతూ వచ్చిన కథను నవలగా రాస్తున్నాను. ఆకాశంలో తేలే ఒక దీవి, పేరు గాలిలంక. దాన్ని నిలబెట్టిన మంత్రం పట్టు తప్పింది. తెల్లవారేసరికి దీవి రూపు మారిపోతుంటుంది. కొండ ఉన్నచోట మడుగు, వీధి ఉన్నచోట అడవి. మొదటి అధ్యాయాలు చదివిన మా అక్క ‘ఏదైనా జరగవచ్చంటే ఇక నాకు భయమెందుకు?’ అంది. మంత్రానికి నియమాలు పెడితే వింత పోతుందేమోనని నా బెంగ. ఆ అధ్యాయాలు పంపుతున్నాను. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: మీ అక్కగారు మంచి పాఠకురాలమ్మా. మీ కథలో ఎవరికీ ఏ నష్టమూ జరగడం లేదన్నదే ఆవిడ ఫిర్యాదు. కొండ మాయమైంది, సరే. ఆ కొండ మీద మేకలు మేపుకునేవాడు ఆ పొద్దున ఎటు పోయాడు? మడుగులోకి నీళ్లు ఎవరి బావి ఎండితే వచ్చాయి?

నేల రూపు మారడమంటే ఏమిటో మన చెన్నైలోనే చూడవచ్చు. మెరీనాలో రోడ్డు దిగి అలల దాకా నడవండి, కాళ్లు పీకుతాయి. అంత ఇసుక మొదటి నుంచీ లేదు. ఒకప్పుడు అలలు ఇప్పటి రోడ్డుకు బాగా దగ్గరగా వచ్చేవి. 1880ల నాటికి హార్బరు గోడలు సముద్రంలోకి చొచ్చుకు వచ్చాయి. ఈ తీరం వెంట ఇసుక మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి సాగుతుంది. గోడ అడ్డం పడగానే అది దక్షిణాన పేరుకుంది. ఉత్తరానికి చేరవలసినది చేరలేదు, అక్కడి ఒడ్డును అలలు కోయడం మాత్రం ఆగలేదు. రాయపురం దాటి తిరువొత్తియూరు, ఎన్నూరు వైపు వెళ్తుంటే కుడిచేతి పక్కన చాలాచోట్ల బండరాళ్ల గోడే కనిపిస్తుంది. అక్కడ ఇళ్లు, వీధులు సముద్రంలో కలిసిపోయాయి. ఇక్కడ మన పిల్లలు ఆడుకునే ఇసుక, అక్కడ జాలరి వల ఆరబెట్టుకోవలసిన ఇసుక. ఇది తలచుకున్నప్పుడల్లా నా మనసు కలుక్కుమంటుంది.

గాలిలంకలోనూ తూర్పున కొండ మొలిస్తే పడమటి అంచు విరిగి మేఘాల్లో పడాలి. మంత్రం ఏ రాత్రి ఎటు తిరుగుతుందో ఎవరికీ తెలియనక్కర్లేదు, మీ వింత భద్రంగానే ఉంటుంది. ఒకచోట పెరిగింది ఇంకెక్కడ తరిగిందో మాత్రం చదివేవారికి కనబడాలి.

భాగవతం దశమస్కంధంలో సాల్వుడి సౌభకం చూడండి. మయుడు ఇనుముతో చేసిచ్చిన ఆ ఎగిరే పట్టణం కాసేపు ఒకటిగా, కాసేపు అనేకంగా, నేల మీద, నీటిలో, కొండకొన మీద, తిప్పిన కొరివిలా తిరుగుతూ ఉంటుంది. దానికసలు నిలకడే లేదు. అయినా కథ జారిపోదు, ఎందుకంటే అది వచ్చి పడేది ద్వారక మీద. కూలేవి మనకు తెలిసిన ఊరి తోటలూ గోపురాలూ.

మీ రెండో అధ్యాయంలో ఒక ముసలమ్మ పడుకోబోయే ముందు గడపను చేత్తో తడుముతుంది. నేను అక్కడ ఆగిపోయాను. రేపు ఆ గడప ఉంటుందో లేదో తెలియని మనిషి ఆమె. అలాంటి చోట బతికేవాళ్లు బిందెను మంచానికి కట్టుకుంటారు, పిల్లల నడుములకు ఒకే తాడు ముడేస్తారు, ముగ్గు వేయబోతూ నేలను కాలితో తట్టి చూస్తారు. ఇవన్నీ ఆమెకు తెలుసు. అంతటి మనిషిని రెండు వాక్యాల్లో ఎందుకు వదిలేశారు?

మూడో అధ్యాయంలోని మంత్రగాళ్ల సభ తీసేయండి. మంత్రం ఎందుకు చెడిందో వాళ్లు వాదించుకుంటుంటే నాకు ముసలమ్మ మీదే ధ్యాస. ఆమె ఇల్లు పడమటి అంచున పెట్టి, తూర్పున కొండ మొలిచిన రాత్రి నుంచి కథ మొదలుపెట్టండి. ఆ అధ్యాయం అక్కగారికంటే ముందు పిల్లలకు చదివి వినిపించండి. వాళ్లు ఎక్కడ అడ్డుపడి ప్రశ్న వేస్తారో అక్కడ పెన్సిలుతో గీత పెట్టుకుని, నాకు మళ్లీ పంపండి.