రూ.50 వేలలో ఇంటికి డిజిటల్ పియానో: 61 కీల కీబోర్డుతో సరిపెట్టుకోవచ్చా?

మీ ప్రశ్న సారాంశం ఇదీ: పదేళ్ల పాపకు పియానో నేర్పించాలి, 50 వేలు దాటకూడదు, షాపతను 61 కీల కీబోర్డు చాలంటున్నాడు, అందులో ఐదొందల టోన్లున్నాయంటున్నాడు, నమ్మొచ్చా అని.

నమ్మకండి. ఆ ఐదొందల్లో పాప రోజూ వాడేది ఒక్కటే, పియానో టోను. మిగతా వాటిలో హెలికాప్టర్ చప్పుడూ, చప్పట్లూ చుట్టాలొచ్చినప్పుడు పనికొస్తాయి. డబ్బు పెట్టాల్సింది కీల మీద. అసలు పియానోలో కీ నొక్కితే అవతల సుత్తి లేస్తుంది, ఆ బరువు వేలికి తెలుస్తుంది. చవక కీబోర్డులో కీ కింద ఉండేది స్ప్రింగు. దాని మీద రెండేళ్లు సాధన చేసిన పిల్లను అసలు పియానో ముందు కూర్చోబెడితే, మెల్లగా వాయించాల్సిన చోట సగం స్వరాలు పలకవు. చిటికెన వేలు, ఉంగరపు వేలు మరీ మొరాయిస్తాయి. కాబట్టి పెట్టె మీద చూడాల్సిన మాటలు రెండే: 88 కీలు, హ్యామర్ యాక్షన్ (సుత్తి బరువును వేలికి తెలిపే కీలు). 'సెమీ వెయిటెడ్' అని రాసుంటే అది ముస్తాబు చేసిన స్ప్రింగే. 'టచ్ సెన్సిటివ్' అంటే గట్టిగా కొడితే గట్టిగా మోగుతుందని మాత్రమే, కీలో బరువుందని కాదు.

మన ఇళ్లలో ఏ కీబోర్డునైనా 'క్యాసియో' అనేయడం అలవాటు కదా, అక్కడే వస్తుంది చిక్కంతా. చర్చిలోనో, ఆర్కెస్ట్రాలోనో వాయించేవాళ్లకు రిథమ్ స్టైల్స్ (యంత్రమే వెనక తాళం, తోడు వాయిద్యాలు వాయించడం) ఉన్న 61 కీల అరేంజర్ కీబోర్డే సరైనది. ట్రినిటీ కాలేజ్ లండన్ పెట్టే సంగీత గ్రేడు పరీక్షల్లో కూడా ఎలక్ట్రానిక్ కీబోర్డు సిలబస్ వేరు, పియానో సిలబస్ వేరు. టీచరు ఏది చెప్పబోతున్నారో ముందు అడగండి. కర్ణాటక సంగీతం కోసమైతే ఇంకో మెలిక ఉంది. యమహా పీ-145, రోలాండ్ ఎఫ్‌పీ-10 లాంటి వాటికి స్వరాన్ని పైకీ కిందికీ జార్చే పిచ్ బెండ్ చక్రం ఉండదు, గమకం పలికించలేరు. శ్రుతి మార్చుకోవడం మాత్రం తేలిక. పాడేవాళ్లది ఐదున్నర శ్రుతి అయితే ట్రాన్స్‌పోజ్ (శ్రుతిని జరిపే సెట్టింగు) మైనస్ 4 పెట్టి, ఒకటి శ్రుతిలో వాయించినట్టే వాయించొచ్చు.

ఇక మోడళ్లు. కొత్తవాటిలో ఈ బడ్జెట్‌కు దగ్గర్లో యమహా పీ-145, క్యాసియో సీడీపీ-ఎస్110, రోలాండ్ ఎఫ్‌పీ-10 ఉంటాయి. మూడింటిలో కీలు ఎఫ్‌పీ-10వే మేలని నా పక్షపాతం. ఒక్కో కీకి మూడు సెన్సర్లు ఉండటంతో, కీ పూర్తిగా పైకి లేవకముందే మళ్లీ నొక్కినా పలుకుతుంది. పాలిఫనీ, అంటే ఒకేసారి పలకగలిగే స్వరాల సంఖ్య, 64 ఉందా, 192 ఉందా అని ఆన్‌లైన్‌లో కొట్టుకుంటారు. మొదటి మూడు నాలుగేళ్లకు 64 ధారాళంగా చాలు.

కానీ పియానో ఒక్కదానికే 50 వేలూ పోసేస్తే స్టాండుకు మిగలదు. అందుకే నేను సెకండ్ హ్యాండ్ వైపే మొగ్గుతాను. యమహా పీ-45 లాంటి పాత మోడల్ కొత్త ధరలో సగానికి కాస్త అటూ ఇటుగా దొరికితే సరసమే. అయితే చూసి కొనాలి.

అమ్మేవాళ్ల ఇంటికి వెళ్లారనుకోండి. వాళ్లబ్బాయి రివర్బ్ (హాల్లో మోగినట్టు వినిపించే ప్రతిధ్వని) పెంచి, స్పీకర్లో ఒక సినిమా పాట వాయించి చూపిస్తాడు. బాగానే ఉంటుంది. కాఫీ తాగి, సంచిలోంచి మీ హెడ్‌ఫోన్స్ బయటికి తీయండి. ముందు పియానో ఆపేసి, కళ్లను కీల మట్టానికి దించి ఒక కొస నుంచి చూడండి. ఒక్క కీ అయినా పల్లంగానో, పక్కకు ఒరిగో ఉంటే లోపల ఏదో విరిగినట్టే. తర్వాత ఆన్ చేసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, రివర్బ్ తీసేయండి, టచ్ సెట్టింగు 'ఫిక్స్‌డ్'లో ఉంటే 'మీడియం'కు మార్చండి. ఫిక్స్‌డ్‌లో అన్ని కీలూ ఒకే గొంతుతో మోగి లోపాన్ని దాచేస్తాయి. ఇప్పుడు ఎడమ చివరి నుంచి 88 కీలనూ వరసగా మూడుసార్లు నొక్కండి: ఒకసారి పిల్లి నడకలా, ఒకసారి మామూలుగా, ఒకసారి గట్టిగా. పది నిమిషాల పని, మొహమాటపడకండి. మెల్లగా నొక్కినా ఏదైనా కీ ఒక్కసారిగా అరిచినా, అప్పుడప్పుడూ పలక్కపోయినా కింద రబ్బరు కాంటాక్టు మీద దుమ్మో చెమ్మో చేరిందని అర్థం. పీ-45 లాంటి వాటిలో ఒక్కో కీ కింద రెండు కాంటాక్టులుంటాయి. మొదటిది తాకాక రెండోది ఎంతసేపటికి తాకిందో చూసే గట్టిదనం లెక్కగడుతుంది యంత్రం. ఒకటి సరిగా తాకకపోతే ఆ లెక్క తప్పుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతపు ఉప్పుగాలిలో ఇది మామూలే. ఒకటి రెండు కీలైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే బాగవుతాయి, దాన్ని చూపించి ధర తగ్గించమనండి. పది కీలు దాటితే రబ్బరు స్ట్రిప్పులు మార్చాలి, విప్పి బిగించే మనిషి మీ ఊళ్లో లేకపోతే లేచి వచ్చేయండి.

హెడ్‌ఫోన్స్ పిన్ను అలాగే ఉంచి, చెవుల మీంచి తీసేసి, నడిమి నాలుగు ఆక్టేవుల్లో (ఆక్టేవంటే 12 కీల వరస) నొక్కితే టకటకమని చెక్క కొట్టినట్టు వినిపిస్తే లోపలి ఫెల్ట్ (కీల చప్పుడు ఆపే మెత్తటి పట్టీ) అరిగింది. స్వరాన్ని సాగదీయాల్సిన పెడల్ (కాలి మీట) తొక్కితే స్వరం ఆగిపోయి, వదిలితే సాగుతుంటే కంగారుపడొద్దు. ఆఫ్ చేసి, పెడల్ మీంచి కాలు తీసి, మళ్లీ ఆన్ చేస్తే చాలా మోడళ్లలో సర్దుకుంటుంది. హెడ్‌ఫోన్ పిన్నును, అడాప్టర్ పిన్నును కాస్త కదిపి చూడండి. ఒక చెవిలో శబ్దం పోయినా, పవర్ ఆగినా సాకెట్ వదులైపోయిందన్నమాట.

మిగిలిన డబ్బు దేనికంటే, ఊగని స్టాండుకు. 'ఎక్స్' ఆకారపు మడత స్టాండు మీద పెడితే గట్టిగా వాయించినప్పుడల్లా పియానో ఊగుతుంది, మోకాళ్లు తగులుతాయి. టేబుల్ తరహా స్టాండు తీసుకోండి. తెల్లకీల పైభాగం నేల నుంచి 72-74 సెం.మీ. ఎత్తులో ఉండాలి. డైనింగ్ టేబుల్ మీద పెడితే దాదాపు 90 సెం.మీ. అవుతుంది, పాప భుజాలు ఎగరేసుకుని వాయిస్తుంది. మోచెయ్యి కీలతో సమంగా ఉండేలా బెంచీ ఎత్తు సర్దాలి, పాదాలు అందకపోతే కింద పీట వేయాలి. పెట్టెలో వచ్చే చిన్న ప్లాస్టిక్ పెడల్ నేల మీద జారిపోతూ ఉంటుంది. దాని బదులు మెటల్ పెడల్ కొనండి, లేదంటే కింద రబ్బరు మ్యాట్ వేయండి.

అమెరికా నుంచి బాబాయి తెస్తానంటే సున్నితంగా వద్దనండి. పీ-145 పొడవు, వెడల్పు, ఎత్తు కలిపితేనే 172 సెం.మీ., అట్టపెట్టె వేస్తే ఇంకా ఎక్కువ. విమానాల్లో చెకిన్ సామానుకు మామూలు హద్దు 158. ఎలాగోలా వచ్చినా, అడాప్టర్ మీద 'ఇన్‌పుట్ 100-240' అని లేకపోతే మన 230 వోల్టులకు మాడిపోతుంది.

'నో కాస్ట్ ఈఎంఐ' అన్న మాటను కూడా పూర్తిగా నమ్మకండి. 48 వేల పియానోకు నెలకు 4 వేల చొప్పున 12 నెలలు, బ్యాంకు వడ్డీ 15 శాతం అనుకుంటే, అందులో వడ్డీ సుమారు 3,700. దాన్ని షాపు డిస్కౌంటుగా ఇస్తుంది సరే, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, దాదాపు 660 రూపాయలు, మీరే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు దానికి అదనం. రొక్కమిస్తే ఎంత తగ్గిస్తారో అడిగాకే తేల్చుకోండి.

అపార్ట్‌మెంట్లో ఉంటున్నట్టయితే ఇంకొకటి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఎవరికీ వినపడదనుకుంటారు. పాట వినపడదు గానీ, కీలు అడుగుకు తగిలే దబదబ స్టాండు కాళ్ల గుండా కింది ఫ్లాటు కప్పుకు చేరుతుంది. కాళ్ల కింద దళసరి రబ్బరు ముక్కలు వేసి, రాత్రి తొమ్మిదిన్నరకు ఒకసారి కిందికెళ్లి వాళ్లనే అడగండి, వినపడుతోందా అని.