డబ్బిచ్చి కొన్న ఈ-పుస్తకానికి తాళం: తీయించుకోవచ్చా?

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. ఎనిమిదేళ్లుగా ఒక ఆన్‌లైన్ దుకాణంలో వందకు పైగా తెలుగు ఈ-పుస్తకాలు, కొన్ని పాటల ఆల్బములు డబ్బిచ్చి కొన్నాను. మూడు నెలల్లో దుకాణం మూసేస్తున్నామని, ఆ తర్వాత యాప్ పనిచేయదని ఇప్పుడు మెయిల్ వచ్చింది. పెన్‌డ్రైవులో దాచుకుందామంటే ఆ ఫైళ్లు మరే సాఫ్ట్‌వేరులోనూ తెరుచుకోవడం లేదు. మా వీధిలో కంప్యూటరు షాపు అబ్బాయి పుస్తకానికి పది రూపాయలిస్తే తాళం తీసిపెడతానంటున్నాడు. తీయించుకోవచ్చా? అమెరికాలో ఉన్న మా అబ్బాయికి పంపవచ్చా? ఇకమీదట తాళం లేనివి ఎక్కడ కొనాలి? (ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: మీరు 'కొనండి' అన్న బొత్తాం నొక్కారు గానీ, ఆ దుకాణం షరతుల పత్రంలో మీకు ఇచ్చింది చదువుకునేందుకు లైసెన్సు మాత్రమేనని రాసి ఉండే అవకాశమే ఎక్కువ. అచ్చు పుస్తకమైతే ఆ ప్రతి మీ సొత్తు. దాన్ని ఎవరికైనా ఇవ్వవచ్చు, పాత పుస్తకాల అంగడిలో అమ్ముకోవచ్చు. ఫైలును ఇంకొకరికి ఇవ్వడమంటే మరో ప్రతి తయారుచేయడమే కాబట్టి అక్కడ కాపీరైటు అడ్డం వస్తుంది. ఇలా నష్టపోయినవారిలో మీరు మొదటివారు కారు. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణం మూసినప్పుడు కొన్నవారి పుస్తకాలన్నీ చదవడానికి వీలు లేకుండా పోయాయి. కాకపోతే డబ్బు వాపసు ఇచ్చింది.

ఇక తాళం సంగతి. మన కాపీరైటు చట్టం 1957 నాటిది; 2012 సవరణతో అందులో 65ఎ సెక్షన్ చేరింది. సాంకేతిక రక్షణను, అంటే ఇలాంటి తాళాన్ని, ఛేదించినవారికి రెండేళ్ల వరకు జైలు, జరిమానా విధించవచ్చని ఈ సెక్షన్ చెబుతుంది. అయితే 'హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో' ఛేదించినప్పుడే అది నేరమని అదే వాక్యంలో ఉంది; చట్టం స్పష్టంగా నిషేధించని ప్రయోజనం కోసం చేసే పనికి ఈ సెక్షన్ అడ్డు కాదని రెండో ఉపసెక్షన్ మరింత తేటగా చెబుతుంది. దీనితో కలిపి 52(1)(ఎ) చదవాలి. సొంత వాడకానికి, పరిశోధనకు చేసే సముచిత వినియోగం ఉల్లంఘన కాదని, అందుకోసం ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవడమూ తప్పు కాదని అందులో ఉంది. పాటల రికార్డులకు, సినిమాలకు ఈ వెసులుబాటు 2012 సవరణతోనే వచ్చింది. ఈ రెండు సెక్షన్లను కలిపి చూస్తే, డబ్బిచ్చి కొన్న పుస్తకాన్ని మీరు చదువుకోవడానికి మాత్రమే, మీ దగ్గరే ఉంచుకునేలా ఒక ప్రతి తీసుకోవడం నేరం కాదన్నది నా అభిప్రాయం. దుకాణం షరతులను మీరిన మాట వేరు. అది ఒప్పందానికి సంబంధించిన సివిలు తగాదా, జైలు సంగతి కాదు.

షాపు అబ్బాయి విషయం ఇంత తేలిక కాదు. మరొకరికి తాళం తీయడంలో సాయపడేవారు ఆ వ్యక్తి పేరు, చిరునామా, గుర్తింపు వివరాలు, ఏ పనికోసం తీయించుకున్నారన్నదీ పూర్తిగా రాసి ఉంచాలని 65ఎ షరతు పెట్టింది. సెల్‌ఫోను కవర్లు, జెరాక్సు కాగితాల మధ్య అలాంటి రిజిస్టరు తెరిచిపెట్టిన షాపు నాకింతవరకు కనబడలేదు. పైగా మీ వంద పుస్తకాల ప్రతులు అతని హార్డ్‌డిస్కులో మిగిలిపోయి రేపు నలుగురికీ చేరితే, మొదటి ప్రతి మీదేనని తేలవచ్చు. ఉల్లంఘనకు 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు శిక్ష ఉంది. అది పోలీసులు నేరుగా కేసు కట్టగల, బెయిలు హక్కుగా దొరకని నేరమని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. కాబట్టి అతని చేతికి ఇవ్వవద్దు.

మీ అబ్బాయికి పంపవద్దు. మీ సొంత వాడకమనే ఆధారం ఫైలు మీ చేయి దాటగానే బలహీనపడుతుంది. తాళం ఉన్న ఫైలు పంపి అక్కడ అతన్ని తీసుకోమనడం ఇంకా ప్రమాదం: 1998 నాటి అమెరికా చట్టం కాపీరైటు ఉల్లంఘన ఉద్దేశం లేకపోయినా తాళం తీయడాన్నే తప్పుగా చూస్తుంది, మూడేళ్లకోసారి ప్రకటించే కొద్దిపాటి మినహాయింపులే దానికి సడలింపు.

వీటన్నిటికంటే ముందు చేయవలసిన పని ఒకటుంది. దుకాణం ఇంకా తెరిచి ఉండగానే మీ కొనుగోళ్ల జాబితా, బిల్లులు, 'కొనండి' బొత్తాం కనిపించే పేజీ, మూసివేత మెయిలు అన్నీ దాచుకోండి. తాళం లేని ఫైళ్లయినా ఇవ్వాలని, లేదా డబ్బయినా వాపసు చేయాలని రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు. ఆపైన వినియోగదారుల పరిరక్షణ చట్టం, 2019 కింద మీ నివాసం ఉన్న జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపయితే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. అమ్మకమని చూపించి లైసెన్సు ఇవ్వడం అనుచిత వ్యాపార పద్ధతి అని వాదించడానికి ఆ బొత్తాం పేజీయే మీ ప్రధాన సాక్ష్యం. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి, ఇది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా 'కొనండి' అన్న మాట వాడకూడదని చట్టమే ఉంది. మనకు ఇంకా లేదు.

తాళం లేనివి దొరికే చోట్లు ఉన్నాయి. రచయిత మరణించిన మరుసటి ఏడాది మొదలు అరవై ఏళ్లు నిండితే ఆ రచన అందరిదీ అవుతుంది. 1915లో మరణించిన గురజాడ, 1919లో మరణించిన కందుకూరి రచనలను తెలుగు వికీసోర్స్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయం నుంచి ఈపబ్ (ఈ-పుస్తకాల ఫైలు రకం)గానో పీడీఎఫ్‌గానో దింపుకుని ఎందరికైనా పంచవచ్చు. విశ్వనాథ సత్యనారాయణ 1976లో మరణించారు గనుక ఆయన రచనలపై హక్కు 2036 చివరి దాకా ఉంటుంది. ఆర్కైవ్ సైటులో ఎవరో స్కాన్ పెట్టినంత మాత్రాన అది తీరిపోదు. పాటలకు లెక్క ఇంకొంచెం చిక్కు: రికార్డుపై హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి అరవై ఏళ్లే గానీ, సాహిత్యం, బాణీలపై హక్కులు వేరుగా నడుస్తాయి. మామూలు ఆడియో సీడీకి తాళం ఉండదు. దాన్ని మీ కంప్యూటరులోకి ఎక్కించుకుని వినవచ్చు.

కొత్త పుస్తకాలు కొనేటప్పుడు దింపుకున్న ఫైలు పేరు చివర చూడండి. ఏసీఎస్ఎం అని ఉండి పరిమాణం కొద్ది కేబీలే అయితే మీ చేతికి వచ్చింది పుస్తకం కాదు, పుస్తకం తెచ్చుకునే చీటీ. ఈపబ్ అని ఉన్నా దానికి తాళం ఉండవచ్చు. అందుకని కొత్త దుకాణంలో ముందు అన్నిటికంటే చవకైన పుస్తకం ఒకటి కొని, ఫైలును పెన్‌డ్రైవులో వేసి, ఆ దుకాణం యాప్ లేని కంప్యూటరులో నెట్ ఆపి తెరవండి. తెరుచుకుంటేనే రెండో పుస్తకం కొనండి.